ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని 75,000 అడుగుతున్నారు, కట్టవచ్చా?

కవిటి_కొబ్బరాకు
మాది ఉద్దానం, కవిటి దగ్గర చిన్న పల్లె. ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ చదివాను, 68 శాతం. రెండున్నరేళ్లుగా పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో పని చేస్తున్నాను. విదేశంలో నీటికి సంబంధించిన చదువు చదవాలని కోరిక. నాన్న కొబ్బరి తోటల్లో కూలికి వెళతారు. మాకు సెంటు భూమి లేదు. బ్యాంకులో తాకట్టు పెట్టడానికి ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే.

పోయిన ఆదివారం విశాఖలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. గోడ నిండా దేశాల జెండాలు. కూర్చోగానే మంచినీళ్లకన్నా ముందు రసీదు పుస్తకం వచ్చింది. ఫీజు, విమానం, తిండి, గది అన్నీ అక్కడి ప్రభుత్వమే ఇస్తుందట, తమకు 75,000 కడితే చాలట. ఎంబసీలో మనవాళ్లు ఉన్నారట, నూటికి నూరు శాతం గ్యారంటీ అట. సగం ఇప్పుడు, సగం వీసా వచ్చాక. నెలాఖరు దాటితే నా సీటు ఇంకొకరికి వెళ్లిపోతుందట. 75,000 అంటే నాకు నాలుగు నెలల జీతం. ఇలా కట్టి వెళ్లినవారు ఎవరైనా ఉన్నారా?

గంటస్తంభం_నీడ
కట్టకండి.

నాగావళి_గట్టు
ఎంబసీలో మనవాళ్లు ఉన్న మాట నిజమే అయి ఉంటుంది. గేటు దగ్గర సంచులు తనిఖీ చేసేది మనవాళ్లే కదా.

అరసవల్లి_సూరీడు
నేను వేరే మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. ఈ స్కాలర్‌షిప్‌లన్నీ ఢిల్లీ, చెన్నై పిల్లలకు వస్తాయి. మన వైపు వాళ్లకు వచ్చినట్టు నేను వినలేదు. ఆ కష్టమేదో గ్రూప్-2 మీద పెడితే ఉన్న ఊళ్లోనే ఉద్యోగం.

బొబ్బిలి_తీగ
సూరీడు గారూ, మీరు గ్రూప్-2 ఎన్నోసారి రాస్తున్నారు?

అరసవల్లి_సూరీడు
నాలుగోసారి. అది వేరే విషయం.

చీపురుపల్లి_పాసింజరు
మన వైపు వాళ్లకు రాదని రాసినవారికి: మాది చీపురుపల్లి దగ్గర పల్లె, ఇది రాస్తున్నది జర్మనీ నుంచి. 2021లో డాడ్ (విదేశీ విద్యార్థులకు సాయం చేసే జర్మన్ సంస్థ) స్కాలర్‌షిప్ మీద వచ్చాను. అప్పుడు నెలకు 861 యూరోలు ఇచ్చేవారు, ఇప్పుడు మాస్టర్స్ వాళ్లకు 992. ఆరోగ్య బీమా, రాకపోకల ఖర్చు, మొదట్లో జర్మన్ భాష తరగతులు వాళ్లవే. నేను ఏ కన్సల్టెన్సీకీ రూపాయి కట్టలేదు. కట్టడానికి నా దగ్గర లేదు కూడా.

కొబ్బరాకు గారూ, మీకు సరిపోయేది డాడ్‌లోనే ఒకటి ఉంది. అభివృద్ధి చెందుతున్న దేశాల వారికోసం ప్రత్యేకంగా ఎంపిక చేసిన కోర్సులు. చదువయ్యాక కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారు, మీకు ఉంది. చివరి పట్టా వచ్చి ఆరేళ్లు దాటకూడదు, మీకు దాటలేదు. స్టుట్‌గార్ట్, డ్రెస్డెన్ విశ్వవిద్యాలయాల్లో నీటి కోర్సులు ఆ జాబితాలో ఉన్నాయి. మూడు కోర్సుల దాకా వరుస పెట్టి కోరుకోవచ్చు. దరఖాస్తు డాడ్‌కు కాదు, నేరుగా ఆ కోర్సు నడిపేవారికి పంపాలి. చాలామంది ఇక్కడే తికమక పడి గడువు దాటిస్తారు. గడువు ఒక్కో కోర్సుకు ఒక్కోలా ఉంటుంది, ఎక్కువ వాటికి చదువు మొదలయ్యే ముందు ఏడాది ఆగస్టు, అక్టోబరు మధ్య. ఇప్పుడు జూన్. అంటే మీకు సమయం ఉంది, కానీ నిద్రపోయేంత లేదు.

ఒక చిక్కు కూడా చెప్పాలి. పని చేసే చోటి నుంచి సిఫారసు లేఖ అడుగుతారు. కంపెనీ కాగితం మీద, సంతకం, ముద్రతో.

కవిటి_కొబ్బరాకు
ఆ చిక్కు దగ్గరే ఆగిపోయాను. వెళ్లిపోతున్నానని తెలిస్తే మా మేనేజరు రేపటి నుంచే వరుసగా రాత్రి షిఫ్టులు వేస్తారు. మొన్న ఒకబ్బాయి పెళ్లికి వారం సెలవు అడిగితేనే వేశారు.

నాగావళి_గట్టు
కొత్త పెళ్లికొడుక్కి రాత్రి షిఫ్టులు! ఆ మేనేజరును ఏమనాలో తెలియడం లేదు.

అత్తయ్య_గజపతినగరం
వెళ్లిపోతున్నానని చెప్పవద్దమ్మా, చదువుకు దరఖాస్తు పెడుతున్నానని చెప్పు. రెంటికీ ఏడాది దూరం ఉంది. మేనేజరు కాకపోతే ఆయన పైవారిని అడుగు. నీ పని కళ్లారా చూసినవారు రాస్తే చాలు, పెద్ద హోదా ఉండనక్కరలేదు.

కాలేజీ లేఖల సంగతి నన్నడుగు. మా అమ్మాయి వాళ్ల ప్రొఫెసరు "నువ్వే రాసి తెచ్చుకో, సంతకం పెడతాను" అన్నారు. రాసి తీసుకెళితే చదవకుండా పక్కన పెట్టి, తన పాత లేఖ ఒకటి తీసి పేరు మాత్రం మార్చి ఇచ్చారు. అందులో మా అమ్మాయి "క్రమశిక్షణ గల కుర్రాడు, క్రికెట్‌లో కాలేజీకి కప్పు తెచ్చాడు" అని ఉంది. సంతకం పెట్టిన కాగితం కదా అని పంపబోయింది. పోస్టాఫీసు దాకా వెళ్లి నేను ఆపాను.

గంటస్తంభం_నీడ
పంపాల్సింది. క్రీడల కోటా వచ్చేది.

విదేశీ_విద్య_మిత్ర
మిత్రులారా, అనుభవం లేకుండా సొంతంగా దరఖాస్తు చేస్తే 90 శాతం తిరస్కరణకు గురవుతారు. మా నిపుణులు ఉచిత సలహా ఇస్తారు. వెంటనే సంప్రదించండి: [తొలగించాం]

నిర్వాహకుడు
నంబరు తీసేశాను. మళ్లీ పెడితే మిమ్మల్నే తీసేస్తాను.

బొబ్బిలి_తీగ
ఉచిత సలహాకు నిపుణులు అక్కరలేదు, ఇక్కడ మేమందరం లేమా!

అసలు "అన్నీ ప్రభుత్వమే ఇస్తుంది" అన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది. నేను హంగరీ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వెళ్లాను. 2013లో మొదలుపెట్టారు, మన దేశం నుంచి ఏటా 200 మందికి అవకాశం, మన వైపు నుంచి పేర్లు ఎంపిక చేసి పంపేది యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం). ఫీజు లేదు, నిజమే. హాస్టలు ఇస్తారు, లేదంటే అద్దెకు 40,000 ఫోరింట్లు. చేతి ఖర్చుకు నెలకు 43,700 ఫోరింట్లు. వినడానికి జమీందారు ఆదాయంలా ఉంటుంది, రూపాయల్లోకి మారిస్తే పది వేలు కాస్త దాటుతుంది. బుడాపెస్టులో ఆ డబ్బుతో నెల గడవదు. విమానం టికెట్టు మనదే. మా నాన్న ఆవును అమ్మి టికెట్టు కొన్నారు. నేను వారాంతాల్లో ఒక హోటల్లో గిన్నెలు కడిగాను. వెళ్లవద్దని అనడం లేదు, నాకు ఆ చదువే అన్నం పెడుతోంది. "పూర్తి ఖర్చు" అన్న మాట పక్కన ఏమి రాసి ఉందో చదివి వెళ్లమంటున్నాను.

చీపురుపల్లి_పాసింజరు
తీగ గారి మాట నిజం, కానీ అన్నింటినీ ఒక గాట కట్టకూడదు. జపాన్ ప్రభుత్వ మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఉంది. పరిశోధన విద్యార్థిగా వెళితే నెలకు 1,43,000 యెన్లు, ఫీజు లేదు, విమానం వాళ్లదే. బ్రిటన్ వాళ్ల చీవ్‌నింగ్ కూడా అన్నీ పెట్టుకుంటుంది. మీ నాన్నగారి ఆవు వాటిలో అయితే ఇంట్లోనే ఉండేది.

బొబ్బిలి_తీగ
ఆవు మాట ఎత్తకండి. అమ్మ ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటుంది.

పొందూరు_నూలు
అందరూ పరాయి ప్రభుత్వాల గురించే చెబుతున్నారు. మన కేంద్ర ప్రభుత్వానిది ఒకటుంది కదా. సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. అది ఎస్సీలకు మాత్రమే అనుకుని చాలామంది పేజీ తెరవరు. మొత్తం 125 లో 115 ఎస్సీలకు, 6 సంచార, విముక్త జాతులవారికి. మిగిలిన 4 ఎవరికో తెలుసా? భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు, సంప్రదాయ చేతివృత్తుల వారి పిల్లలకు. కొబ్బరాకు గారూ, మీ మొదటి పోస్టు మళ్లీ చదువుకోండి.

షరతులు: కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, వయసు 35 లోపు, 60 శాతం మార్కులు, చేరే విశ్వవిద్యాలయం క్యూఎస్ ప్రపంచ ర్యాంకుల జాబితాలో మొదటి 500 లో ఉండాలి. మొత్తం స్థానాల్లో 30 శాతం మహిళలకు. మాస్టర్స్‌కు, పీహెచ్‌డీకి ఇస్తారు. అమెరికాకు వెళితే బతుకు ఖర్చుకు ఏడాదికి 15,400 డాలర్లు, బ్రిటన్ అయితే 9,900 పౌండ్లు, ఫీజు వేరేగా కడతారు.

మా ఇంట్లో మూడు తరాలుగా మగ్గం ఉంది. నేను చేతివృత్తుల కింద పెట్టుకున్నాను, రాలేదు. తప్పు నాదే. కోర్సు బాగుందని మురిసిపోయి ఒక విశ్వవిద్యాలయం ఎంచుకున్నాను, అది 500 దాటి ఉంది. పంపిన రెండు వారాలకు చూసుకున్నాను. సన్న నూలు వడికే ఇంట్లో పుట్టి మూడంకెల లెక్క తప్పాను.

కవిటి_కొబ్బరాకు
నాలుగు స్థానాలు అంటే దేశం మొత్తానికా?

పొందూరు_నూలు
దేశం మొత్తానికే. అయితే అది ఉందని తెలిసినవారు ఎంతమంది? మీకు నిన్నటిదాకా తెలియదు.

మన్యం_మట్టి
గిరిజన శాఖది వేరేగా ఉంది, 20 స్థానాలు. అందులో 3 ఆదిమ గిరిజన తెగలకు. మాది సీతంపేట వైపు, కొండ సవరలం. నేను కిందటేడు పెట్టుకున్నాను. నా కులపత్రంలో శ్రీకాకుళం జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్లో మా మండలాన్ని పార్వతీపురం మన్యం జిల్లాలో కలిపారు. ఆధార్‌లో కొత్త జిల్లా, కులపత్రంలో పాత జిల్లా. నేను కొండ దిగలేదు, జిల్లాయే నన్ను దాటి వెళ్లింది. అది నిరూపించడానికి మూడు వారాలు తిరిగాను.

మాజీ_గుమాస్తా
ముప్పై ఒక్క సంవత్సరాలు తహసీల్దారు కార్యాలయాల్లో పని చేసి విరమించాను. ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. ఇప్పుడు నా సబ్జెక్టు వచ్చింది.

మన్యం_మట్టి గారు పాత పత్రం పట్టుకుని తిరగకుండా కొత్త జిల్లా పేరుతో పత్రం మళ్లీ తీసుకుని ఉంటే పనయ్యేది. ఇకపై ఎవరికైనా అదే చెప్పండి. కొబ్బరాకు గారికి: ఆదాయ పత్రం పాతది పనికిరాదు, ఏ సంవత్సరపు ఆదాయం అడుగుతున్నారో ముందు చూసుకోండి. భూమిలేని కూలీ అన్న పత్రం మన దగ్గర రోజూ ఇచ్చేది కాదు, అడగగానే అక్కడి కుర్రాడు అయోమయంగా చూస్తాడు. కాబట్టి ప్రకటనలో నమూనా ఇచ్చి ఉంటే అచ్చు తీసి అదే పట్టుకెళ్లండి. నోటితో వివరిస్తే ఆయనకు తోచినది రాస్తాడు.

అన్నింటికన్నా ముఖ్యం, పేరు. మీ పేరు అన్ని కాగితాల మీద ఒకేలా ఉందా?

కవిటి_కొబ్బరాకు
మీరు అడిగాక అన్నీ నేల మీద పరిచి చూశాను. పదో తరగతి పత్రంలో ఇంటి పేరు ఒక్క అక్షరం, చుక్క. డిగ్రీలో ఆ అక్షరం పేరు చివరికి వెళ్లింది. ఆధార్‌లో ఇంటి పేరు పూర్తిగా ఉంది, ఒక అక్షరం తప్పు. పాస్‌పోర్టు ఇంకా తీసుకోలేదు.

మాజీ_గుమాస్తా
పాస్‌పోర్టు తీసుకోకపోవడమే మీ అదృష్టం. ముందు ఆధార్ దిద్దించండి. తరువాత పాస్‌పోర్టు, ఇంటి పేరు పూర్తిగా, మీ పేరు పదో తరగతి స్పెల్లింగుతో. మామూలు రుసుము 1,500. డిగ్రీ పత్రం సంగతికి నోటరీ దగ్గర ప్రమాణ పత్రం రాయించుకోండి, ఈ రెండు పేర్లూ ఒక్కరివే అని. ఇవాళ మొదలుపెట్టండి, దరఖాస్తుతో పంపే వ్యాసం తరువాత రాసుకోవచ్చు. వ్యాసం రాత్రి పూట కూడా రాయవచ్చు, ఆధార్ కేంద్రం రాత్రి తెరిచి ఉండదు.

గంటస్తంభం_నీడ
కొరియా ప్రభుత్వానిది పెట్టుకునేవారికి ఒక చేర్పు. వాళ్లు పట్టాల మీద అపోస్టిల్ ముద్ర, అంటే పరాయి దేశంలో చెల్లేలా వేసే ముద్ర, అడుగుతారు. ముందు రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ, ఆ తరువాత విదేశాంగ శాఖ ముద్ర. నేను హైదరాబాదు రెండుసార్లు వెళ్లాను. ముద్రకు అయినదానికన్నా దారిలో తిన్న ఇడ్లీలకు ఎక్కువైంది.

పొందూరు_నూలు
కేంద్ర పథకంలో ఇంకో మెలిక మరిచాను. 2022 మార్గదర్శకాల ప్రకారం భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద చేసే పరిశోధనలకు డబ్బు ఇవ్వరు. అవి ఇక్కడే చదువుకోవచ్చు కదా అన్నది వాళ్ల వాదన. నీటి రసాయన శాస్త్రానికి ఇబ్బంది లేదు.

మన్యం_మట్టి
నాకు ఆ వాదన మింగుడు పడదు. మా సవర పాటల మీద పని చేయాలంటే ఆ భాషా శాస్త్రం బాగా చెప్పే చోటికి వెళ్లాలి కదా. అది ఢిల్లీలోనే ఉండాలని ఏముంది?

నాగావళి_గట్టు
గిడుగు రామమూర్తి గారు ఇప్పుడు పెట్టుకుంటే సవర నిఘంటువుకు తిరస్కరణ లేఖ వచ్చేదన్నమాట.

అత్తయ్య_గజపతినగరం
ఆ నిఘంటువు 1938లో అచ్చయ్యేసరికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. వయసు దగ్గరే ఆగిపోయేవారు, విషయం దాకా వెళ్లేది కాదు.

కవిటి_కొబ్బరాకు
ఆధార్‌కు రేపు వెళుతున్నాను. ఈలోగా ధైర్యం చేసి జర్మనీ కోర్సుకు ఉద్దేశ పత్రం, అదే ఆ వ్యాసం, మొదలుపెట్టాను. ఇంగ్లీషులో రాశాను, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను:

"చిన్నప్పటి నుంచి నాకు విజ్ఞాన శాస్త్రమంటే ఎంతో ఆసక్తి. నీరు సకల జీవులకు ప్రాణాధారం. మీ దేశపు ఉన్నత విద్యా ప్రమాణాలు నన్ను ఎంతగానో ఆకర్షించాయి. మీ విశ్వవిద్యాలయంలో చదివి నా దేశానికి సేవ చేయాలని నా ఆశయం."

నిర్మొహమాటంగా చెప్పండి.

చీపురుపల్లి_పాసింజరు
నిర్మొహమాటంగా: "మీ దేశపు" అన్నచోట ఏ దేశం పేరు పెట్టినా అతుకుతుంది. నీరు ప్రాణాధారమని జలశాస్త్ర ఆచార్యులకు చెబుతున్నారు. నేనూ మొదట ఇలాగే రాశాను, మా సీనియరు ఎర్ర సిరాతో నిలువునా ఒక గీత కొట్టి ఇచ్చారు. రెండు పేజీలు మించకూడదు, కింద మీ చేతి సంతకం ఉండాలి. ఆ రెండు పేజీల్లో ఈ నాలుగు వాక్యాలకు చోటు లేదు.

అత్తయ్య_గజపతినగరం
సంక్రాంతి వ్యాసరచన పోటీకి అయితే ప్రోత్సాహక బహుమతి ఇస్తాను. ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు చెప్పు. నీళ్లే ఎందుకు? మందుల కంపెనీలో ఉన్నావు, మందుల మీదే చదవవచ్చు కదా.

కవిటి_కొబ్బరాకు
మా ఉద్దానంలో ఎందరికో వచ్చిన కిడ్నీ జబ్బే మా మేనమామకూ వచ్చింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆయనా కొబ్బరి చెట్లెక్కిన మనిషే. 2018 తిత్లీ తుపానులో తోటలు పడిపోయాక చెట్లు లేవు, తరువాత ఒంట్లో ఓపిక లేదు. ఆయన రోజుకు తాగాల్సిన నీళ్లకు లెక్క ఉంది. మా అత్త స్టీలు చెంబు లోపల మేకుతో ఒక గీత గీసింది. పొద్దున అందాకా నింపుతుంది, రాత్రి దాకా అవే. ఎండాకాలం సాయంత్రానికే అయిపోతే మామయ్య ఖాళీ చెంబు పట్టుకుని అరుగు మీద కూర్చుంటాడు, ఇంకో గుక్క అడగడు.

నేను కంపెనీలో మాత్రల్లో మలినాలు కొలుస్తాను. కొన్నిటికి పది లక్షల్లో ఒక వంతు తేడా వచ్చినా ఆ బ్యాచి ఆగిపోతుంది. మా ఊరి బావి నీళ్లు ఎవరూ అలా కొలవగా నేను చూడలేదు. హిరమండలం నుంచి గొట్టం నీళ్లు రాకముందు మేమందరం తాగినవి అవే. అందుకని.

బొబ్బిలి_తీగ
ఇంత దాచుకుని ప్రాణాధారం అని రాశారా!

చీపురుపల్లి_పాసింజరు
ఇదే పంపండి. ఒక్క అక్షరం మార్చకండి.

పలాస_జీడిపిక్క
ఆగండి. మార్చాలి. నేను డయాలసిస్ విభాగంలో టెక్నీషియన్‌ని, రోజంతా ఆ యంత్రాల మధ్యే ఉంటాను.

మొదటిది, నీళ్ల వల్లే ఈ జబ్బు వచ్చిందన్నట్టు రాస్తే చదివేవారు పక్కన పడేస్తారు. కారణం ఇంకా తేలలేదు. ఎందరో వచ్చి రక్తం, నీళ్లు, మట్టి తీసుకెళ్లారు. నీటిలో సిలికా అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే కష్టం అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు. శ్రీలంకలో ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికాలో చెరకు తోటల కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా ఇదే వాదన నడుస్తోంది. నీళ్లు కారణం అవునో కాదో తేల్చే కొలతలు నేర్చుకోవడానికి వస్తున్నాను అని రాయండి. కాదని తేలినా అది పనికొచ్చే ఫలితమే.

రెండోది, మీకు నచ్చకపోవచ్చు. మీ మామయ్య చెంబు ఆయనది. మా దగ్గరికి కెమెరాలు పట్టుకుని వచ్చేవారిని చాలామందిని చూశాను. మంచం మీద ఉన్న మనిషిని అడగకుండా ఫోటో తీసుకుంటారు. తరువాత ఒక్కరూ మళ్లీ రారు.

చీపురుపల్లి_పాసింజరు
మొదటి మాటకు తల వంచుతున్నాను, నేను తొందరపడ్డాను. రెండోది ఒప్పుకోను. ఆ అమ్మాయి కెమెరా పట్టుకుని వచ్చిన మనిషి కాదు, ఆ ఇంటి మనిషి.

పలాస_జీడిపిక్క
ఇంటి మనిషి అయితే అడగడం ఇంకా సులువు కదా.

అరసవల్లి_సూరీడు
ఈసారి జీడిపిక్క గారి పక్షమే నేను. బాధ చూపించి సీటు అడిగినట్టు ఉండకూడదు.

అత్తయ్య_గజపతినగరం
బాధ చూపించడం వేరు, కారణం చెప్పడం వేరు. చెంబు రెండు వాక్యాల్లో ముగించు, మిగతా రెండు పేజీలూ నీ పని గురించి, ఆ కోర్సులో ఏ పాఠం నీకు ఎందుకు కావాలో, తిరిగి వచ్చాక ఎక్కడ ఏమి చేస్తావో రాయి. అప్పుడు చదివినవారికి జాలి కలగదు, పని ఇవ్వాలనిపిస్తుంది.

కవిటి_కొబ్బరాకు
జీడిపిక్క గారి మాటకు మొదట కోపం వచ్చింది. రెండు రోజులు ఏమీ రాయలేదు. ఆదివారం ఇంటికి వెళ్లి మామయ్యను అడిగాను. జర్మనీ వాళ్లకు నా చెంబుతో పనేమిటని నవ్వాడు. విషయమంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, నా పేరు రాయవద్దు, చెంబు రాసుకో అన్నాడు. తరువాత అత్తను పిలిచి, గీత వంకరగా గీశావు, పరదేశం వెళుతోంది, సరిగ్గా గీయమన్నాడు.

పలాస_జీడిపిక్క
అయితే రాయండి. మీకు ఆసుపత్రి వైపు సమాచారం ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడే అడగండి, నాకు చెప్పే వీలున్నంతవరకు చెబుతాను.

గంటస్తంభం_నీడ
జర్మనీ ఒక్కదాని మీదే కూర్చోకండి. చీవ్‌నింగ్ ఆగస్టులో తెరుస్తారు. 2,800 గంటల పని అనుభవం చాలు, మీకు దాటిపోయింది. ఒక్క ఏడాది చదువు. అయిపోయాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి.

అత్తయ్య_గజపతినగరం
రెండేళ్లు ఇక్కడే ఉండాలన్న నిబంధన వాళ్ల అమ్మకు చెప్పండి, దరఖాస్తు ఆమే నింపుతుంది.

కవిటి_కొబ్బరాకు
అమ్మ ఈ చర్చ అంతా చదివించుకుని విన్నది. అత్తయ్య గారి ఊరు ఏదని అడుగుతోంది.

బొబ్బిలి_తీగ
అమెరికాకు వెళ్లే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ స్కాలర్‌షిప్ కూడా చూసి పెట్టుకోండి. పర్యావరణ శాస్త్రం, ప్రజారోగ్యం ఆ జాబితాలో ఉన్నాయి. మూడేళ్ల అనుభవం అడుగుతారు, మీకు వచ్చే ఏటికి నిండుతుంది. బీఎస్సీ మూడేళ్లే అయినా పైన ఎమ్మెస్సీ ఉంది కాబట్టి ఫరవాలేదు. ఈలోగా ఇంగ్లీషు పరీక్షకు డబ్బు దాచుకోండి, ఐఈఎల్‌టీఎస్‌కు 17,000, 18,000 దాకా అవుతుంది. స్కాలర్‌షిప్ ఎంత పూర్తిదైనా ఈ ముందు ఖర్చు ఎవరూ ఇవ్వరు.

పొందూరు_నూలు
ఆ నాలుగు స్థానాలకు ఈసారి నేనూ పెడుతున్నాను. మనిద్దరం పోటీ అన్నమాట. విశ్వవిద్యాలయం ర్యాంకు ఈసారి మూడుసార్లు చూశాను.

కవిటి_కొబ్బరాకు
నాలుగు ఉన్నాయి కదా, ఇద్దరం పడతాం.

ఇవాళ్టి సంగతులు. మేనేజరును కాకుండా ప్రయోగశాల పెద్దను అడిగాను. లేఖ రాస్తానన్నారు, అయితే "తిరిగి వచ్చాక ఇక్కడికే రావాలి" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. ఆధార్ సవరణకు ఇచ్చాను. ఆదాయ పత్రానికి సోమవారం సెలవు పెట్టి తహసీల్దారు కార్యాలయానికి వెళతాను.

కన్సల్టెన్సీ నుంచి మళ్లీ ఫోను వచ్చింది. నా కోసం ప్రత్యేకంగా 40,000కు తగ్గించారట.

నాగావళి_గట్టు
ఇంకో రెండు వారాలు ఓపిక పట్టండి, వాళ్లే మీకు ఎదురిచ్చి పంపుతారు.

మాజీ_గుమాస్తా
సోమవారం వెళ్లకండి. అర్జీలు తీసుకునే రోజు, ఆ గుంపులో మిమ్మల్ని చూసేవారుండరు. మంగళవారం పదిన్నరకు వెళ్లండి. నమూనా రెండు ప్రతులు, ఆధార్ నకళ్లు నాలుగు. పెన్ను మీదే తీసుకెళ్లండి, అక్కడ తాడుతో కట్టినది రాయదు.